ఆర్ అండ్ ఆర్ చేతిలో ఉంది, గైడ్ మాత్రం డబ్బు కట్టి వేరే జర్నల్‌లో వేసేయమంటున్నారు: ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రైతుబంధు వచ్చాక తెలంగాణ రైతులు వడ్డీవ్యాపారుల దగ్గర చేసే అప్పు తగ్గిందా అని పీహెచ్‌డీలో ఒక చాప్టర్ రాశారు. దాన్ని పేపర్ చేసి ఒక మంచి ఫీల్డ్ జర్నల్‌కి (ఎకనామిక్స్‌లో ఒక శాఖకి పరిమితమైన జర్నల్) పంపితే ఏడు నెలలకి ఆర్ అండ్ ఆర్ వచ్చింది, అంటే సవరించి మళ్ళీ పంపమన్నారు. మొదటి రిఫరీ (పేపర్ చదివి ఎడిటర్‌కి అభిప్రాయం రాసే నిపుణులు) ఒక పేజీలో బాగుందని రాసి వదిలేశారు, రెండో రిఫరీ ఐదు పేజీల్లో ఉతికి ఆరేశారు. గైడ్‌గారేమో థీసిస్ సబ్మిషన్ దగ్గర పడుతోంది, డబ్బు కడితే పదిహేను రోజుల్లో వేసే జర్నల్ ఒకటుంది, అక్కడ ఇచ్చేయమంటున్నారు. రెండో రిఫరీ కావాలనే పగబట్టారా, వాళ్ళతో వాదించాలా, లేక గైడ్ మాట వినాలా అని మీ టెన్షన్.

నేను హైదరాబాద్‌లోనే అప్లైడ్ ఎకనామిక్స్ చెప్తాను, చాలాకాలంగా రిఫరీ రిపోర్టులు రాస్తున్నాను, కొన్నేళ్ళు ఒక జర్నల్‌కి అసోసియేట్ ఎడిటర్‌గానూ ఉన్నాను. అందుకే ముందే తేల్చి చెప్పేస్తాను: డబ్బు జర్నల్ మాట మర్చిపోండి, ఆ ఐదు పేజీల రిపోర్టు మీకు దొరికిన మంచి వస్తువు, మీరు జవాబు రాయాల్సింది రిఫరీకి కాదు, ఎడిటర్‌కి. ఈ చివరి మాట చాలామందికి ఎవరూ చెప్పరు. రిఫరీ సలహా ఇస్తారు, నిర్ణయం ఎడిటర్‌ది. పైగా రిఫరీ రెండు కాగితాలు పంపుతారు, ఒకటి మీకు వచ్చే రిపోర్టు, రెండోది ఎడిటర్‌కి మాత్రమే వెళ్ళే చిన్న ఉత్తరం. తీసుకోండి, వద్దు, సవరించమనండి అనే అసలు సిఫారసు ఆ రెండోదాంట్లో ఉంటుంది, అది మీ కంట పడదు. మీకు తీయగా రాసినవాళ్ళు అక్కడ "నాకేం పెద్దగా ఆసక్తిగా లేదు, మీ ఇష్టం" అని రాసి ఉండొచ్చు, మిమ్మల్ని ఐదు పేజీలు తిట్టినవాళ్ళు "ఇవి సరిచేస్తే వేయొచ్చు" అని రాసి ఉండొచ్చు. నేను చూసినంతలో రెండో రకమే ఎక్కువ, పేపర్ మీద ఆశ లేనివాళ్ళు ఐదు పేజీలు రాయరండీ, అర పేజీతో సరిపెడతారు.

కాబట్టి రిపోర్టులు కాసేపు పక్కన పెట్టి ఎడిటర్ ఉత్తరం మళ్ళీ చదవండి. మీరు పెట్టిన ముక్కలో "రెండో రిఫరీ లేవనెత్తిన గుర్తింపు సమస్య తేలకపోతే ముందుకు వెళ్ళలేను, మిగతావి మీ విచక్షణకి వదిలేస్తున్నాను" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. గుర్తింపు సమస్య అంటే, మార్పు రైతుబంధు వల్లే వచ్చిందని ఎలా చెప్పగలరన్న ప్రశ్న. ఆ వాక్యంలోనే అంతా ఉంది! పన్నెండు పాయింట్లలో ఏది ప్రాణం మీదికి తెచ్చేదో, ఏవి ఫుట్‌నోట్‌తో పోయేవో ఎడిటర్ చెప్పేశారు. పన్నెండింటికీ సమానంగా భయపడి, చిన్నవాటికి పేజీలు పేజీలు రాసి, పెద్దదాన్ని ఒక పేరాతో దాటేసిన జవాబులు బోలెడు చూశాను, అవి దాదాపు ఎప్పుడూ రెండో రౌండ్‌లో పోతాయి.

ఏడు నెలల ఆలస్యం గురించి అట్టే బాధపడకండి. మన సబ్జెక్టులో ఇది మామూలే. గ్లెన్ ఎలిసన్ 2002లో ఈ ఆలస్యం మీదే ఒక పరిశోధన వేశారు, 1970 ప్రాంతంలో పెద్ద జర్నల్స్‌లో ఆరు నుంచి తొమ్మిది నెలల్లో తేలిపోయే పేపర్ 2000 నాటికి దాదాపు రెండేళ్ళు పడుతోందని, దానికి పెద్ద కారణం జర్నల్స్ అడిగే సవరణలు పెరగడమని తేల్చారు. తర్వాత డేవిడ్ కార్డ్, స్టెఫానో డెల్లావీన్యా 2013లో లెక్కేస్తే టాప్ ఐదు జర్నల్స్‌కి వచ్చే పేపర్లు 1990 నుంచి 2012 లోపు దాదాపు రెట్టింపయ్యాయి, అచ్చయ్యేవి మాత్రం ఏడాదికి సుమారు 400 నుంచి 300కి తగ్గాయి, అంగీకారం 15 శాతం నుంచి 6 శాతానికి పడిపోయింది. మన హైదరాబాద్ ఉదాహరణే చూడండి. ఇక్కడి 104 బస్తీల్లో సగం బస్తీలకి సూక్ష్మరుణాలు ముందుగా ఇచ్చి చేసిన ప్రయోగం ఉంది కదా, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఇంకో ఇద్దరు చేసినది, అది వర్కింగ్ పేపర్‌గా 2009లో బయటికొచ్చింది, అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ వాళ్ళ అప్లైడ్ ఎకనామిక్స్ జర్నల్‌లో అచ్చయింది 2015 జనవరిలో. వాళ్ళకే అంతకాలం పట్టింది.

ఇంకో సంగతి, రిఫరీలకి చాలా జర్నల్స్ పైసా ఇవ్వవు, కొన్ని ఇచ్చినా నామమాత్రం. ఇద్దరు ఒప్పుకోవాలంటే ఎడిటర్ నలుగురైదుగురిని బతిమాలాలి. ఒప్పుకున్నవాళ్ళు కూడా గుర్తు చేస్తేగాని పంపరు. మీరు మూడో నెలలోనే ఎడిటర్‌కి మెయిల్ పెట్టానన్నారు, అది కాస్త తొందర. ఐదారు నెలలు దాటాక రెండు వాక్యాల్లో అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు అసలు విషయం, రెండో రిఫరీ ఏమంటున్నారు. మీరు పెట్టిన భాగాలు చూస్తే వాళ్ళ బాధ న్యాయమైనదే అనిపిస్తోంది, కొన్నిచోట్ల మెత్తగా రాశారని కూడా అనిపించింది. మీరు జాతీయ నమూనా సర్వే వాళ్ళ అప్పులు ఆస్తుల సర్వే, అదే ఎయిడిస్, 70వ రౌండ్, 77వ రౌండ్ తీసుకుని, తెలంగాణని ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లతో పోల్చి డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ చేశారు, అంటే పథకానికి ముందూ తర్వాతా ఇక్కడ వచ్చిన మార్పుని పథకం లేని రాష్ట్రాల మార్పుతో పోల్చారు. సర్వేలు జరిగింది 2013లో, 2019లో, మధ్యలో 2018లో రైతుబంధు వచ్చింది, కాబట్టి ముందూ వెనకా సరిగ్గా కుదిరిందని మీ ఉద్దేశం. కానీ ఎయిడిస్‌లో బాకీల లెక్క సర్వే రోజుది కాదండీ. 77వ రౌండ్‌లో అది 2018 జూన్ 30 నాటిది, 70వ రౌండ్‌లో 2012 జూన్ 30 నాటిది. రైతుబంధు చెక్కుల పంపిణీ మొదలైంది 2018 మే 10న. ఎకరానికి నాలుగు వేలు, అదీ మొదటి విడత, చేతికొచ్చి రెండు నెలలు కూడా నిండని తేదీన మీరు అప్పు కొలుస్తున్నారు! రిఫరీ "కాలక్రమం నాకు స్పష్టంగా లేదు" అని మర్యాదగా ఒక ముక్క రాసి వదిలేశారు, దాని అర్థం ఇదే. ఇది సరిచేయకుండా మిగతా టేబుల్స్ ఎన్ని కలిపినా లాభం లేదు.

పైగా 2012కీ 2018కీ మధ్య జరిగినవి చూడండి. రాష్ట్రం విడిపోయింది. 2014 ఎన్నికల తర్వాత తెలంగాణలో లక్ష రూపాయల దాకా పంట రుణమాఫీ ప్రకటించి నాలుగు విడతల్లో కట్టారు. ఆంధ్రలో వేరే షరతులతో ఇంకో మాఫీ. మహారాష్ట్రలో 2017లో మాఫీ. 2016 నవంబర్‌లో నోట్ల రద్దు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. బ్యాంకు బాకీ మాఫీ అయితే రైతు మళ్ళీ బ్యాంకు గడప తొక్కొచ్చు, మాఫీ డబ్బు విడతలుగా ఆలస్యమైతే కొత్త లోన్ పుట్టక వడ్డీవ్యాపారి దగ్గరికే పోవచ్చు, రెండూ మీ ఫలితాన్ని అటూ ఇటూ లాగేవే. ఇన్నింటిని ఒక్క "పోస్ట్" డమ్మీలో, అంటే ముందా తర్వాతా అని మాత్రమే చెప్పే 0/1 గుర్తులో, వేసి దానికి రైతుబంధు అని పేరు పెడితే రిఫరీ ఊరుకుంటారా?

దారి లేదా అంటే ఉంది. అదే సంవత్సరాల్లో జరిగిన వ్యవసాయ కుటుంబాల స్థితిగతుల సర్వేకి మారండి. అందులో బాకీ సర్వే జరిగిన రోజు నాటిది, 2019 రౌండ్‌లో పంటల వివరాలు 2018 జూలై నుంచి 2019 జూన్ దాకా, అంటే రైతుబంధు నిజంగా చేతికందిన ఏడాదివి. అక్కడా చిక్కులున్నాయి. వ్యవసాయ కుటుంబం అనడానికి ఏడాదికి వ్యవసాయం మీద రావాల్సిన విలువ 2013లో మూడు వేలు దాటాలన్నారు, 2019లో నాలుగు వేలు అన్నారు, కాబట్టి రెండు నమూనాల్నీ ఒకే గీతకి తెచ్చి చూపించాలి. పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరిలో మొదలైంది, అది అన్ని రాష్ట్రాలకీ ఉంది కాబట్టి చాలావరకు కొట్టుకుపోతుంది. కానీ ఆంధ్రలో అదే ఫిబ్రవరిలో అన్నదాత సుఖీభవ, అక్టోబర్‌లో రైతు భరోసా మొదలయ్యాయి, అంటే మీ పోలిక రాష్ట్రంలో కూడా రైతులకి అలాంటి డబ్బే అందింది. ఆంధ్రని తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి చూపించండి. ఫలితం మారితే మారిందని రాయండి.

ఇంతకన్నా బలమైనది మీ చేతిలోనే ఉంది. రైతుబంధు పట్టాదారులకే, కౌలు రైతులకి రాలేదు. ఈ సర్వేలో కౌలుకి తీసుకున్న భూమి వివరాలున్నాయి. కాబట్టి తెలంగాణలో సొంత భూమి ఉన్నవాళ్ళకీ భూమి లేని కౌలుదారులకీ మధ్య తేడా, అదే తేడా పక్క రాష్ట్రాల్లో, రెండు రౌండ్లలో. ట్రిపుల్ డిఫరెన్స్ అంటారు కదా, రుణమాఫీ, కరెంటు లాంటివాటి గొడవ దీంతో పూర్తిగా పోదు గానీ చాలా తగ్గుతుంది. మాఫీ కూడా పాసుపుస్తకం ఉన్నవాళ్ళకే ఎక్కువ అందింది కాబట్టి "పూర్తిగా పోదు" అని మీరే ముందు రాసేయండి, రిఫరీ చేత రాయించుకోవద్దు. కౌలు ధరలు పెరిగి ఉంటే కౌలుదారుల అప్పు మీదా దాని నీడ పడుతుంది, అది కూడా చెప్పండి.

ఇక స్టాండర్డ్ ఎర్రర్స్, అంటే అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత. ఐదు రాష్ట్రాలు, పథకం వచ్చింది ఒక్కదాంట్లో. మీరు కుటుంబం స్థాయిలో వేసిన ఎర్రర్స్‌తో మూడు నక్షత్రాలు, అంటే ఫలితం యాదృచ్ఛికం కాదన్న గట్టి గుర్తు, రావడంలో ఆశ్చర్యం లేదు. బెర్ట్రాండ్, డఫ్లో, ముల్లైనాథన్ 2004లోనే చూపించారు, అసలు లేని చట్టాలని ఊహించి పెట్టి డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ చేస్తే, ఎర్రర్స్‌ని పట్టించుకోకపోతే, 45 శాతం దాకా కేసుల్లో "ప్రభావం ఉంది" అని వచ్చేస్తుంది. రాష్ట్రం స్థాయిలో క్లస్టర్ చేస్తే, అంటే ఒక్కో రాష్ట్రాన్ని ఒక గుంపుగా లెక్కేస్తే, ఐదే క్లస్టర్లు, అది నమ్మదగ్గది కాదు. వైల్డ్ బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటానే మళ్ళీ మళ్ళీ మార్చి నడిపి అనిశ్చితి లెక్కేసే పద్ధతి) చేస్తానన్నారు, పథకం ఒక్క క్లస్టర్‌లోనే ఉన్నప్పుడు అది కూడా తప్పుదారి పట్టిస్తుంది. పథకం ఒకటి రెండు చోట్లే వచ్చిన కేసులకి కాన్లీ, టేబర్ 2011లో ఒక పద్ధతి ఇచ్చారు, దానికి పోలిక రాష్ట్రాలు ఇంకా ఎక్కువ కావాలి గానీ, అది చూడండి, లేదా ప్రతి రాష్ట్రానికీ ఉత్తుత్తి పథకం పెట్టి వచ్చిన సంఖ్యల మధ్య తెలంగాణ సంఖ్య ఎక్కడ నిలబడుతుందో చూపించండి. ఇంకో పెద్ద లోటు, రెండే రౌండ్లుంటే అంతకుముందు పోకడ ఒకేలా ఉందో లేదో చూపించలేరు. 2003 నాటి 59వ రౌండ్‌ని తెచ్చి కలపొచ్చు, తెలంగాణ జిల్లాలని విడదీసుకోవాలి, పనే గానీ చేయదగ్గ పని.

ఇవన్నీ చేశాక నక్షత్రాలు ఎగిరిపోతే? ఎగిరిపోవచ్చు. అప్పుడు శీర్షిక మార్చి, పట్టాదారుల వడ్డీవ్యాపారి అప్పు తగ్గినట్టు కనిపిస్తోంది, కౌలుదారులకి అలా లేదు, అంచనా చుట్టూ అనిశ్చితి ఇంత అని రాయండి. గైడ్ "సిగ్నిఫికెంట్ రాని టేబుల్స్ తీసేయ్" అన్నారని రాశారు, దయచేసి ఆ పని చేయకండి. బ్రోడర్, మరో ముగ్గురు 2016లో పెద్ద జర్నల్స్‌లోని 50 వేల పరీక్షలు ఏరి చూస్తే సిగ్నిఫికెంట్ అనడానికి పెట్టుకున్న 0.05 గీత దగ్గర పి విలువలు (ప్రభావమే లేకున్నా అలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) అనుమానం వచ్చేలా పేరుకున్నాయి, అంటే మనవాళ్ళందరూ చేస్తున్నదదే, ఎడిటర్లకి తెలుసు, ఇప్పుడు దాని కోసమే వెతుకుతారు. కొన్ని జర్నల్స్ అంగీకరించే ముందు కోడ్ తీసుకుని మళ్ళీ నడిపి చూస్తాయి, అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2019 నుంచి చేస్తున్నది అదే. మీ డేటా ఎవరైనా దింపుకోగలిగేది. స్టాటా డూ ఫైల్స్ (లెక్కలు నడిపే మీ కోడ్) ఇప్పుడే శుభ్రం చేసుకోండి, ఏ సంఖ్య ఏ ఫైల్ నుంచి వచ్చిందో ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

రెండో రిఫరీ ఇంకో పాయింట్, "తెలంగాణ ఒక్క రాష్ట్రం గురించి మిగతా ప్రపంచానికి ఎందుకు" అన్నది మీకు కోపం తెప్పించినట్టుంది. కోపం వద్దు, ఇది మీ ప్రవేశిక మీద విమర్శ. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ సర్వేలు గుర్తు తెచ్చుకోండి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, మహారాష్ట్ర నుంచి ఇంకో రెండు ఊళ్ళు, ఈ మూడిటి లెక్కలతో రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ఎకనామెట్రికాలో పేపర్ వేశారు, పంట పోయినప్పుడు ఊరివాళ్ళు ఒకరి కష్టాన్ని ఒకరు ఎంతవరకు పంచుకుంటారు అన్న ప్రశ్న మీద. ఆ ఊరి పేరు వినని ఆర్థికవేత్తలు కూడా ప్రశ్న చూసి చదివారు. మీ మొదటి రెండు పేజీలు పథకం చరిత్రతో నిండిపోయాయి, ఎవరు ఎక్కడ ప్రారంభించారు, ఎన్ని కోట్లు అని. షరతుల్లేకుండా భూమి లెక్కన ఇచ్చిన నగదు అధిక వడ్డీ అప్పుని మానిపిస్తుందా లేదా అన్న ప్రశ్నతో మొదలెట్టండి, పథకం వివరాలు మూడో పేజీకి పోనీయండి.

జవాబు ఉత్తరం సంగతి. ఎడిటర్‌ని ఉద్దేశించి ఒక పేజీ, అందులో పెద్ద మార్పులు మూడు, ఫలితం ఎలా మారింది, ఎందుకు. ఆ తర్వాత రిఫరీల ప్రతి వాక్యాన్నీ ఉన్నదున్నట్టు పెట్టి కింద మీ జవాబు. కొత్త టేబుల్ ఉంటే ఉత్తరంలోనే అతికించండి, "పేపర్‌లో 27వ పేజీ చూడండి" అంటే అవతలివాళ్ళకి చిరాకు. ప్రతి పాయింట్‌కీ ధన్యవాదాలు చెప్పనక్కర్లేదు, ఒకసారి చాలు. ఒప్పుకోనివి రెండో మూడో ఉండొచ్చు, అక్కడ "మేము ఇలా ఎందుకు చేయలేదంటే" అని కారణం, వీలైతే వాళ్ళు అడిగింది కూడా చేసి అపెండిక్స్‌లో ఫలితం. చేయగలిగిన పనిని చేయకుండా వాదిస్తే నమ్మరు. మొదటి రిఫరీ సాహిత్య సమీక్ష పెంచమన్నారు, రెండో రిఫరీ తగ్గించమన్నారు, ఇలాంటిచోట మీ నిర్ణయం ఒక వాక్యంలో ఎడిటర్‌కి చెప్పి ముందుకు పొండి. రెండో రిఫరీ ఎవరో కనిపెట్టే ప్రయత్నం మాత్రం వద్దు, నేను చూసినంతలో జనం ఊహించేది ఎక్కువగా తప్పే.

డబ్బు జర్నల్ గురించి చివర్లో రాస్తున్నాను గానీ, నిజానికి ఒక్క వాక్యంతో తేలిపోతుంది. ఆర్ అండ్ ఆర్ బతికుండగా అదే పేపర్ ఇంకోచోటికి పంపడం మన రంగంలో నిషిద్ధం, ముందు ఇక్కడ వెనక్కి తీసుకోవాలి, అక్కడ అచ్చయ్యాక దాన్ని ఇంకెక్కడా వేయలేరు. ఇంత పనీ నీళ్ళపాలే. ఫీజు అనగానే మోసం అనీ అనుకోవద్దు, ఎకనామిక్స్‌లో పేరున్న జర్నల్స్ చాలా సబ్మిషన్ ఫీజు తీసుకుంటాయి, పేపర్ తిరస్కరించినా మామూలుగా అది తిరిగి రాదు. ఓపెన్ యాక్సెస్‌కి అంగీకరించాక కట్టే ఛార్జీ వేరు. అనుమానించాల్సింది పదిహేను రోజుల్లో ఖాయంగా వేస్తామన్న మాటని. ఈ వ్యాపారానికి మన ఊరితో సంబంధం కూడా ఉంది, హైదరాబాద్‌లో కార్యాలయం ఉన్న ఒక ప్రచురణ సంస్థ మీద రివ్యూ విషయంలో, ఫీజుల విషయంలో రచయితల్ని మోసం చేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది, 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మీకు మెయిల్స్ పంపే జర్నల్ అలాంటిదో కాదో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష, మీ పేపర్ చివర మీరు ఉదహరించినవాళ్ళలో ఒక్కరైనా అక్కడ రాశారా చూడండి.

థీసిస్ సబ్మిషన్ ఒత్తిడి నాకు అర్థమవుతుంది. కానీ యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందే పేపర్ అచ్చు కావాలన్న షరతు తీసేసింది, కేర్ లిస్టుని (యూజీసీ గుర్తించిన జర్నల్స్ జాబితా) కూడా 2025లో ఆపేసింది. ఇప్పుడు లెక్కలోకి వచ్చేది మీ యూనివర్సిటీ సొంత రూలు. రీసెర్చ్ సెక్షన్‌కి వెళ్ళి రూలు కాగితం మీద అడగండి, "అందరూ అంటున్నారు" అన్నదాని మీద పోవద్దు. నిజంగానే ఒక పేపర్ కావాలంటే, ఇంకో చాప్టర్‌ని ఇండియన్ జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ ఎకనామిక్స్‌కో, ఈపీడబ్ల్యూ (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ)కో వాటి పద్ధతికి తగ్గట్టు రాసి పంపండి, ఇదొక్కటి మాత్రం కదిలించకండి. గైడ్‌గారికి కూడా అలాగే చెప్పండి, ఎదురు తిరిగినట్టు కాకుండా, "సార్, ఇది వదులుకోలేను, దానికి బదులు ఇది ఇస్తాను" అని. చాలామంది గైడ్లు ఏదో ఒకటి చేతికొస్తుందంటే ఒప్పుకుంటారు. పేర్ల క్రమం గురించి కూడా అడిగారు, ఎకనామిక్స్‌లో మామూలుగా అక్షరక్రమమే.

సవరించాక పంపే ముందు హైదరాబాద్‌లోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్)లోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో ఒక సెమినార్ ఇవ్వండి, ట్రిపుల్ డిఫరెన్స్ మీద అడిగే ప్రశ్నలు అక్కడే వచ్చేస్తాయి. వర్కింగ్ పేపర్ ఆన్‌లైన్‌లో పెడితే రిఫరీకి మీరెవరో తెలిసిపోతుందని భయం అక్కర్లేదు, ఎలాగూ వెతికితే దొరుకుతుందనే అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2011లో డబుల్ బ్లైండ్ పద్ధతినే, అంటే రచయితకీ రిఫరీకీ ఒకరెవరో ఒకరికి తెలియకుండా ఉంచే పద్ధతిని, ఎత్తేసింది. మీ జర్నల్ రూలు ఏమిటో మాత్రం ఒకసారి చూసుకోండి. రెండో రౌండ్‌లో తిరస్కరించినా ఈ సవరణలు అలాగే ఉంచి తర్వాతి జర్నల్‌కి పంపండి, ఎందుకంటే ఈ విషయం మీద రిఫరీలు కొద్దిమందే, అదే మనిషి చేతికి మళ్ళీ పోయే అవకాశం బాగా ఉంది, పాత తప్పులతో వస్తే ఆ రిపోర్టు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఎడిటర్ ఇచ్చిన గడువు ఆరు నెలలన్నారు కదా. పాత రౌండ్ కలపడం, సర్వే మార్చడం అందులో పూర్తవుతుందో లేదో అనుమానమే. గడువు చివరి వారంలో కాకుండా ఇప్పుడే, ఏం చేయబోతున్నారో నాలుగు వాక్యాల్లో రాసి మరో మూడు నెలలు అడగండి, సాధారణంగా ఇస్తారు.